యురిమ్ హీడోను ఎందుకంత దూరం పెట్టింది?

చిత్రలేఖ:

‘ట్వెంటీ ఫైవ్ ట్వెంటీ వన్’ అనే కొరియన్ సీరియల్ రెండోసారి చూడడం నిన్న రాత్రితో పూర్తయింది. 2022లో మొదటిసారి చూసినప్పుడు హీడో, బెక్ యీజిన్‌ల ప్రేమకథ కోసమే చూశాను. పదహారో భాగం అయ్యాక చాలామందిలాగే దిండు తడిసేలా ఏడ్చాను. ఈసారి మాత్రం నా కళ్లు కో యురిమ్ మీదనుంచి పక్కకు జరగలేదు. అందుకే ఈ ప్రశ్న. ఇంకా చూడనివారు ఇక్కడే ఆగండి, కథంతా చెప్పేస్తున్నాను.

1998లో, కొరియా అంతా ఐఎంఎఫ్ సంక్షోభంలో (అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గర అప్పు చేయాల్సి వచ్చిన ఆర్థిక సంక్షోభం) కూరుకుపోయి ఉండగా, హీడో చదివే బడిలో ఫెన్సింగ్ (కత్తిసాము) జట్టును రద్దు చేస్తారు. ఆ అమ్మాయి నానా తంటాలు పడి తేయాంగ్ హైస్కూలుకు మారుతుంది. అక్కడ యురిమ్ ఉంది కాబట్టే మారుతుంది. యురిమ్ అప్పటికే బంగారు పతకం గెలిచిన అమ్మాయి, హీడోకు ఆమె అంటే ప్రాణం. కొత్తగా వచ్చిన హీడో ముఖం వెలిగిపోతూ పలకరిస్తుంది. యురిమ్ మాత్రం మంచుగడ్డలా ఉంటుంది. పలకరిస్తే పలకదు, పలికినా మాటలో ముల్లు ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు ‘ఎంత పొగరు ఈ పిల్లకు’ అనుకున్నాను.

ఆ తర్వాత అసలు సంగతి తెలుస్తుంది. చిన్నప్పుడు పిల్లల పోటీల్లో యురిమ్‌ను చిత్తుగా ఓడించింది ఈ హీడోయే. అప్పట్లో హీడో బాలమేధావి. తర్వాత ఆమె ఆట దిగజారింది, యురిమ్ ఎదిగింది. ప్రపంచం ఆ ఓటమిని మరిచిపోయినా యురిమ్ మరువలేదు. పతకం మెడలో పడ్డాక కూడా ఆమె లోపల చిన్నపిల్ల ఒకతి కత్తి పట్టుకుని వణుకుతూనే ఉంది.

ఇంకో పక్క చూడండి. ఇదే యురిమ్, ఇదే హీడో, రాత్రిపూట కంప్యూటర్ ముందు కూర్చుని ఒకరెవరో ఒకరికి తెలియకుండానే ఏళ్ల తరబడి స్నేహం చేస్తున్నారు. హీడో పేరు ‘రైడర్ 37’, యురిమ్ పేరు ‘ఇన్‌జల్మి’. ఫోను తీగ మీద నడిచే ఆ పాత పీసీ సంభాషణల్లో యురిమ్ ఎంత మెత్తనిదో! పగలు శిక్షణ గదిలో కన్నెత్తి చూడని మనిషికి రాత్రి తన గుండెలోని బరువంతా చెప్పుకుంటుంది.

నా ప్రశ్న ఇదీ. ఈ ఇద్దరు యురిమ్‌లలో ఎవరు అసలు యురిమ్? ఆమెది అభద్రత అని తెలిశాక, పగటిపూట చేసినదాన్ని మనం క్షమించేయాలా?

ఇది అడగడానికి నాకొక కారణం ఉంది. ఏడో తరగతినుంచి నేను టేబుల్ టెన్నిస్ ఆడేదాన్ని. మా జట్టులో నేనే మొదటి స్థానం. తొమ్మిదో తరగతిలో ఒక కొత్త అమ్మాయి చేరింది. మొదటి రోజే ఆమె సర్వీసు చూసి నా కడుపులో ఏదో జారినట్టయింది. ఆమెను నేను ఒక్క మాట అనలేదు. కానీ బంతి నా వైపు పడితే, దాన్ని చేతికి ఇవ్వకుండా బల్ల మీద నెమ్మదిగా దొర్లించేదాన్ని. అది అంచుదాకా వెళ్లి కింద పడేది. ఆమె వంగి తీసుకునేది. ఏడాది పొడుగునా అలాగే చేశాను. ఇప్పుడు యురిమ్ చూపు తెర మీద కనబడగానే ఆ బంతి దొర్లే చప్పుడు నాకు వినిపించింది.

నీలిగీత:

చిత్రలేఖ గారూ, నేను కొన్నేళ్లు ఫెన్సింగ్ నేర్చుకున్నాను కాబట్టి ఆట వైపునుంచి చెబుతాను. మీ ప్రశ్నకు సగం జవాబు ఆ కత్తిలోనే ఉందని నా నమ్మకం.

ఫెన్సింగ్‌లో ఫాయిల్, ఎపే, సేబర్ అని మూడు రకాలు. వీళ్లిద్దరూ ఆడేది సేబర్. నడుము పైభాగమంతా, తల, చేతులతో సహా, లక్ష్యమే. కత్తి మొనతోనే కాదు, అంచుతో తాకినా పాయింటే. అందుకే అది మెరుపువేగంతో సాగుతుంది. కత్తి తగిలిందని చూపే దీపాలు చాలాసార్లు ఇద్దరివీ ఒక్కసారే వెలుగుతాయి. అప్పుడు యంత్రం ఏమీ చెప్పదు. దాడి ముందు మొదలుపెట్టింది ఎవరన్నది నిర్ణయించేది రెఫరీ కన్ను. ఎపేలో ఈ గొడవ లేదు, ఇద్దరికీ తగిలితే ఇద్దరికీ పాయింటు వస్తుంది.

ఇప్పుడు ఆసియా క్రీడల ఫైనల్ గుర్తు చేసుకోండి. 15-14తో హీడో గెలుస్తుంది. చివరి పాయింటు రెఫరీ నిర్ణయం. అది తప్పని యురిమ్ మనస్ఫూర్తిగా నమ్ముతుంది, ఆ మాటే అందరి ముందూ అంటుంది. ఆమె అబద్ధం ఆడిందని నేను అనుకోను. ఆ అర క్షణంలో ఆటగాడికి తన కత్తే ముందు కదిలినట్టు తోస్తుంది, నాకూ ఎన్నోసార్లు తోచింది. ఎంతోకాలంగా ‘ఈ అమ్మాయి నన్ను మళ్లీ ఓడిస్తుంది’ అని భయపడుతూ వచ్చిన మనిషికి, ఓడిపోలేదని అనుకోవడానికి ఒక సందు దొరికింది. అందులో దూరిపోయింది. తర్వాత విలేకరిగా ఉన్న యీజిన్ విమానాశ్రయందాకా పరుగెత్తి, ఆ రెఫరీ నోటితోనే హీడో కత్తే ముందని చెప్పించాడు గనక సరిపోయింది. లేకపోతే ఆ సందేహం ఇద్దరినీ జీవితాంతం తినేసేది.

నిజజీవితంలోనూ కొరియా అభిమానులకు ఇలాంటి గాయం ఒకటుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో, ఎపే సెమీఫైనల్‌లో గడియారం చివరి సెకను దగ్గర నిలిచిపోయినట్టయి, షిన్ ఆ-లామ్ ఓడిపోయింది. అప్పీలు తేలేదాకా ఆ వేదిక దిగకుండా దాదాపు గంటసేపు కన్నీళ్లతో కూర్చుంది. దిగితే ఓటమి ఒప్పుకున్నట్టే మరి. తర్వాత రెండు రోజులకే సేబర్‌లో కిమ్ జీ-యాన్ బంగారు పతకం గెలిచింది. యురిమ్ పాత్ర వేసిన బోనా అసలు పేరు కూడా కిమ్ జీ-యానే! ఇది తెలిసిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో.

(కథలోని 1999 గ్యోంగ్జు ఆసియా క్రీడలు కల్పితం. నిజంగా జరిగినవి 1998లో బ్యాంకాక్‌లో. మహిళల సేబర్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 2004లోనే. కాబట్టి యురిమ్ ఒలింపిక్ పతకాన్ని కథగానే తీసుకోవాలి.)

పెద్దక్క:

అమ్మా చిత్రలేఖా, నేను మీ అందరికంటే వయసులో చాలా పెద్దదాన్ని. నాకు ఈ కథలో కత్తులకంటే ఇళ్లు ఎక్కువ కనిపించాయి.

హీడో తల్లి టీవీలో వార్తలు చదివే పెద్ద పేరున్న మనిషి. తండ్రి పోయాక ఇంట్లో ఆప్యాయత కరువైంది గానీ డబ్బు కరువు కాలేదు. యురిమ్ ఇంట్లో అంతా తారుమారు. తండ్రి లారీ తోలతాడు, తల్లి చిన్న తిండిబండి లాంటి కొట్టు నడుపుతుంది, ప్రేమకు కొదవ లేదు, డబ్బుకే కటకట. ఆ పిల్ల కత్తి తిప్పేది అమ్మానాన్నల అప్పు కోసం. హీడో ఓడిపోతే ఒక ఆట ఓడినట్టు. యురిమ్ ఓడిపోతే ఇల్లు ఓడినట్టు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్ల అంత బరువు మోస్తూ కొత్తగా వచ్చిన పోటీదారుతో నవ్వుతూ ఎలా మాట్లాడుతుంది చెప్పు?

ఆమె పెట్టుకున్న పేరు చూశావా, ఇన్‌జల్మి. వేయించిన సోయా పిండిలో దొర్లించిన బియ్యపు ముద్ద అది, కొరియాలో సామాన్యులు తినే మిఠాయి. పతకాల పేరు కాదు, దేశం పిలిచే పేరు కాదు. ఆ పేరు కింద కూర్చున్నప్పుడు ఆమె ఎవరినీ గెలవక్కర్లేదు. నువ్వు ఎవరు అసలు యురిమ్ అని అడిగావు. నన్నడిగితే, గెలవాల్సిన పని లేనప్పుడు కనిపించిన యురిమే.

తర్వాత తండ్రి లారీ ప్రమాదం, పరిహారం కట్టడానికి రష్యా పౌరసత్వం తీసుకోవడం, జనం దేశద్రోహి అనడం... ఆ భాగాలు నేను ఒక్క బిగిన చూడలేకపోయాను. 1998 జనవరిలో దేశం అప్పు తీర్చడానికి కొరియా ఆడవాళ్లు పెళ్లి ఉంగరాలు సైతం తెచ్చి ఇచ్చారు. అలాంటి రోజులు దాటివచ్చిన జనానికి, ఒక పిల్ల ఇంటి అప్పు కోసం జెండా మార్చడం ఎంత కష్టంగా తోచి ఉంటుందో ఊహించగలను. ఆ పిల్ల కష్టాన్నీ ఊహించగలను.

మూడోగంట:

నేను కొంచెం వేరుగా చెబుతాను, ఎవరూ నొచ్చుకోవద్దు.

యురిమ్ బాధ అర్థమవుతుంది. కానీ అర్థం చేసుకోవడం వేరు, లెక్క కొట్టేయడం వేరు. ఆసియా క్రీడల తర్వాత దేశమంతా హీడోను పతకం దొంగ అన్నట్టు చూసింది. ఆ అమ్మాయి ఎంత ఒంటరిదయిందో చూశాం కదా. దానికి యురిమ్ భయం కారణం కావచ్చు, ఆ భయం ఖరీదు మాత్రం హీడో కట్టింది.

అందరూ యురిమ్ అభద్రత గురించే రాస్తున్నారు. హీడోకు లేదా? బాలమేధావి అని పత్రికల్లో పడ్డ పిల్ల, తర్వాత ఏళ్ల తరబడి ఓడుతూ వచ్చింది. ఉన్న జట్టు కూడా రద్దయింది. నీ కల లాక్కున్నది నేను కాదు, ఈ కాలం అని ఆమె గురువు చేతులెత్తేశాడు. హీడో అక్కడ కుంగిపోవచ్చు. పోలేదు. ఎందుకంటే ఓడిపోవడం ఆమెకు అలవాటైన విద్య. ఓడి లేచి మళ్లీ ముసుగు తొడుక్కోవడం ఎలాగో ఆమె ఒంటికి తెలుసు. యురిమ్‌కు గెలవడమే తెలుసు కాబట్టి ఓటమి నీడ పడినా గుండె ఆగిపోతుంది. నేను ఈ కథ చూసినన్నిసార్లూ నన్ను పట్టి ఉంచింది ఇదే: పోగొట్టుకోవడానికి ఏమీ లేని పిల్ల ధైర్యంగా ప్రేమించింది, అన్నీ ఉన్న పిల్ల భయపడింది.

ఇంకొక్క మాట, జి సుంగ్‌వాన్‌ను మరిచిపోవద్దు. తరగతిలో మొదటి ర్యాంకు పిల్ల. స్నేహితుడిని ఉపాధ్యాయుడు కొట్టినందుకు నోరు విప్పి, క్షమాపణ చెప్పమంటే చెప్పకుండా బడి మానేసింది. కొరియాలో విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష ముందు బడి మానడమంటే చిన్న సంగతి కాదు. తానెవరో తెలుసుకున్నది కథలోని ఐదుగురు స్నేహితుల్లో ముందుగా ఆమే అంటాను.

చిత్రలేఖ:

అందరికీ నమస్కారం, ఆలస్యంగా జవాబిస్తున్నాను. మీ మాటలు ఒకటికి రెండుసార్లు చదివాను.

పెద్దక్క గారూ, ఇన్‌జల్మి గురించి మీరు రాసింది చదివాక ఎనిమిదో భాగం మళ్లీ పెట్టుకున్నాను. ఇన్‌జల్మిని గుర్తుపట్టాల్సిన పసుపు గులాబీతో యీజిన్ కనిపించేసరికి, అతడే ఇన్‌జల్మి అని హీడో పొరబడడం, చివరికి నిజం తెలిసి ఇద్దరమ్మాయిలూ ఒకరినొకరు పట్టుకుని ఏడవడం. అక్కడ ఒకరు కూడా ‘నువ్వు నన్ను అలా ఎందుకు చేశావు’ అని లెక్కలు తీయరు. మాడ్రిడ్ ఫైనల్ తర్వాత కూడా అంతే. ఒకరు కొరియాకు, ఒకరు రష్యాకు ఆడి, ముసుగులు తీసి కౌగిలించుకుంటారు.

మూడోగంట గారూ, మీరన్న ‘ఖరీదు’ అనే మాట దగ్గర ఆగిపోయాను. నా భయం ఖరీదు ఏడాదిపాటు వంగి బంతి తీసుకున్న ఆ అమ్మాయి కట్టింది. పాత స్నేహితురాలి దగ్గర ఆమె నంబరు సంపాదించి, మొన్న సాయంత్రం నాలుగు వాక్యాలు రాశాను. తొమ్మిదో తరగతిలో బంతి చేతికి ఇవ్వకుండా దొర్లించేదాన్ని, నువ్వు నాకంటే బాగా ఆడతావని మొదటి రోజే తెలిసి భయపడ్డాను, అందుకే అలా చేశాను, క్షమించు అని.

రాత్రి పదకొండింటికి జవాబు వచ్చింది. బంతి సంగతి తనకు అసలు గుర్తు లేదట. ఆ ఏడాది చివర్లో తను నా మీద గెలిచిన రోజు, చేయి కలపడానికి చెయ్యి చాచి నిలబడితే, నేను తువ్వాలు సర్దుకుంటూ వెళ్లిపోయానట. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల తుడిచినట్టు నటించిందట. అది గుర్తుందని రాసింది.

నాకు ఆ రోజు ఓడిపోయానని గుర్తుంది. ఆమె చెయ్యి గుర్తు లేదు.