న్యూ మోడల్ ఆర్మీ పైక్‌మెన్: కోట్లన్నీ ఒకే ఎరుపా, రకరకాల ఎరుపులా?

సన్నకుంచె:
28 మి.మీ. సైజు సైనికుల బొమ్మలతో 1645 నాటి న్యూ మోడల్ ఆర్మీ (ఇంగ్లిష్ అంతర్యుద్ధంలో పార్లమెంటు సైన్యం) రెజిమెంటుకు రంగులు వేయడం మొదలుపెట్టాను. పైక్‌మెన్, అంటే పైక్ అనే పొడవాటి ఈటె పట్టే సైనికులు, పదహారు మంది. అందరికీ ఒకే సీసాలోని ఎరుపు వేస్తేనే యూనిఫాం అనిపిస్తుందని ఈ బొమ్మలతో నాతో యుద్ధాల ఆట ఆడే మిత్రుడు అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. మీరెలా వేస్తారు?

దండుబాట:
మీ మిత్రుడి మాటే సరైనది. ఇంగ్లిష్ సైన్యానికి ఎర్రకోటు స్థిరపడిందే ఈ సైన్యంతో. ఆ ఒకేరకం ఎరుపు కనిపించకపోతే దీని ప్రత్యేకత ఏముంది? రంగులు కలగాపులగంగా కావాలంటే అదే అంతర్యుద్ధంలోని 1642 ఎడ్జ్‌హిల్ యుద్ధం ఎంచుకోండి. అప్పుడు ఏ కర్నల్ రెజిమెంటుకు ఆ కర్నల్ ఎంచుకున్న రంగు కోటు. పైగా ఆటలో మనం బొమ్మను చూసేది నిలబడి, దూరం నుంచి.

మంజిష్ఠ:
దండుబాట గారూ, కోటు ఎరుపే, అందులో తగువు లేదు. కానీ ఆ సైన్యానికి బట్టలు కుట్టించిన 1645-46 కాంట్రాక్టులు చూడండి. కోటు బట్ట సఫోక్, కోవెంట్రీ, గ్లోస్టర్‌షైర్ దేనిదైనా సరేనన్నారు. కుట్టేముందే చన్నీళ్ళలో తడిపి కుదించాలన్నారు. మూడు చోట్ల బట్ట, వేర్వేరు అద్దకం తొట్లు, ఆపైన నెలల తరబడి ఎండావానా. ఆ ఎరుపులన్నీ ఒకేలా ఎలా ఉంటాయి? నిక్కర్లకైతే బూడిదరంగు లేదా 'మరేదైనా మంచి రంగు' అని రాసుకున్నారు.

నేను చేసేది ఇది. అందరికీ ఒకే బేస్ (అడుగు పూత) ఎరుపు. నలుగురికి అందులో చుక్క గోధుమరంగు, ముగ్గురికి చుక్క నారింజ. అంతే. వాష్ (మడతల్లోకి దిగేలా పైన పూసే పలచటి ముదురు రంగు) మాత్రం అందరికీ ఒకటే, అదే వాళ్ళను ఒక దండుగా కలుపుతుంది. హైలైట్‌కు, అంటే మడతల అంచుల మీద వేసే లేత పూతకు, తెలుపు కలపకండి, కోటు గులాబీరంగుకు తిరుగుతుంది.

దండుబాట:
నిక్కర్ల విషయం ఒప్పుకుంటున్నా. కోట్ల విషయం ఒప్పుకోను. ఛాతీ కవచం తొడిగించేస్తే కోటు సగం కనబడదు, ఈ గొడవే ఉండదు.

మంజిష్ఠ:
అప్పటికి చాలామంది పైక్‌మెన్ ఆ కవచం వదిలేశారండీ. అందుకే కోటు మీద ఇంత పట్టు పడుతున్నాను, చూపు నిలిచేది అక్కడే.

ఇంకోటి, అందరూ అశ్రద్ధ చేసేది పైక్ కర్ర. అది యాష్ అనే చెట్టు కలప, లేత రంగు. ముదురు గోధుమ వేస్తే ఇనుప కడ్డీలా ఉంటుంది. లేత పసుపు కలిసిన మట్టిరంగు వేసి, పలచటి వాష్‌తో నిలువుగా నాలుగు గీతలు లాగండి. మొన దిగువన కర్రకు ఇరువైపులా ఇనుప పట్టీలు ఉంటాయి, అక్కడిదాకా లోహపు రంగు దించండి. పదహారు అడుగుల పైక్ ఈ సైజులో దాదాపు 87 మి.మీ. వస్తుంది. బరువుకు ఓర్వలేక సైనికులు కోసి పొట్టి చేసుకునేవాళ్ళు కాబట్టి ఒకటి రెండు తగ్గినా తప్పు కాదు. ప్లాస్టిక్‌వి వంగిపోతాయి, స్టీలు తీగవి వాడండి. కానీ మొన వేలికి గుచ్చుకుంటుంది, జాగ్రత్త.

సన్నకుంచె:
మంజిష్ఠ గారూ, నిన్న రాత్రి ముగ్గురికి నారింజ చుక్క కలిపి వేసి, మిగతావాళ్ళ మధ్యలో నిలబెట్టాను. దూరం నుంచి అంతా ఒకే ఎరుపు. దగ్గరికి వెళ్తే ఒక్కొక్కడూ విడిగా కనిపిస్తున్నాడు. మిగిలినవాళ్ళకూ ఇలాగే వేస్తున్నాను.

దండుబాట:
ఫొటో పెట్టండి. పక్కన ఒకే ఎరుపు వేసిన నా రెజిమెంటు ఫొటో నేనూ పెడతాను.