ఉక్రేనియన్ భాషకు వార్తలే పాఠ్యపుస్తకమా? తెర్నోపిల్‌కు కొత్తగా వచ్చిన విద్యార్థినికి సమాధానం

అమ్మా,

ఉక్రెయిన్ నగరమైన తెర్నోపిల్‌లో వైద్యవిద్య పాఠాలన్నీ ఇంగ్లీషులోనే చెబుతున్నప్పుడు ఉక్రేనియన్ కోసం ఇంత శ్రమ అవసరమా అని మీరు అడిగారు. అవసరమే. పాఠం ఏ భాషలో విన్నా, వార్డులో రోగి తన బాధను తన భాషలోనే చెప్పుకుంటారు. పైగా మన జాతీయ వైద్య కమిషన్ 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం కనీసం 54 నెలల చదువుతో పాటు 12 నెలల ఇంటర్న్‌షిప్‌ను కూడా చదివిన విదేశీ సంస్థలోనే పూర్తిచేయాలి.

వార్తల ద్వారా నేర్చుకోవాలన్న మీ ఆలోచన మంచిదే కానీ, రాజకీయ విశ్లేషణలతో మొదలుపెట్టకండి. ప్రజా ప్రసార సంస్థ సుస్పిల్నేకు తెర్నోపిల్ విభాగం ఉంది. నీటి సరఫరా, రోడ్ల మూసివేత, ఆసుపత్రుల వంటి విషయాలపై స్థానిక విభాగాలు ఇచ్చే చిన్న వార్తలు చదవండి. మీరు రోజూ నడిచే వీధుల సంగతులే కాబట్టి సగం అర్థాన్ని సందర్భమే అందిస్తుంది. ఫోనులోని అనువాద సదుపాయాన్ని మాత్రం మొదటిసారి చదివేటప్పుడు ఆపివేయండి.

తొలి చిక్కు ఊరి పేరుతోనే వస్తుంది. ఒక వాక్యంలో తెర్నోపిల్ అని ఉన్నది మరొక వాక్యంలో తెర్నోపొల్యా, ఇంకొకచోట తెర్నోపొలి అవుతుంది. ఖార్కివ్ ఖార్కొవా అవుతుంది. హల్లుతో ముగిసే అక్షరంలోని ఇకారం, విభక్తి ప్రత్యయం చేరగానే చాలా పదాలలో ఒకారంగా మారడమే దీనికి కారణం. సంబోధనతో కలిపి విభక్తులు ఏడు. విభక్తి అనే ఊహ మనకు కొత్త కాదు కానీ, తెలుగులో ఎన్నడూ కదలని విశేషణం ఇక్కడ నామవాచకంతో పాటు రూపం మార్చుకుంటుంది. అసలు శ్రమంతా అక్కడే. రూపం తెలియని పదాన్ని గోరోఖ్ అనే ఆన్‌లైన్ నిఘంటువులో వెతికితే విభక్తి రూపాల పట్టిక, ఊనిక (పదంలో నొక్కి పలకడం) స్థానం రెండూ దొరుకుతాయి.

శీర్షికల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ‘జ్బీతో’ (కూల్చారు), ‘విద్క్రీతో’ (తెరిచారు), ‘జత్రీమనో’ (నిర్బంధించారు) వంటి, నో లేదా తో అనే ధ్వనితో ముగిసే క్రియారూపాలు మీకు అడుగడుగునా ఎదురవుతాయి. ఇంగ్లీషు కర్మణి వాక్యంగా భావించి చదివితే, కర్మ ద్వితీయా విభక్తిలో ఎందుకుందో అర్థం కాదు. మన పత్రికల్లో ‘నిందితుణ్ణి అరెస్టు చేశారు’, ‘వంతెనను ప్రారంభించారు’ అని రాస్తాము కదా. చేసినవారెవరో చెప్పకపోయినా ‘ను’ ప్రత్యయం అలాగే ఉంటుంది. ఆ శీర్షికలను అదే పద్ధతిలో అర్థం చేసుకోండి. ఈ విషయంలో తెలుగువారికి ఇంగ్లీషు అడ్డమే గాని సాయం కాదని నా అభిప్రాయం.

అంకెలు కనిపించినప్పుడు కళ్లతో దాటేయకుండా పైకి చదవండి. రెండు, మూడు, నాలుగు తరువాత నామవాచకం ఒక బహువచన రూపంలోనూ, అయిదు నుంచి షష్ఠీ బహువచనంలోనూ ఉంటుంది: ద్వా ద్రోనీ (రెండు డ్రోన్లు), ప్యాత్ ద్రోనివ్ (అయిదు డ్రోన్లు). ముద్రిత పాఠంలో ఊనిక గుర్తులు ఉండవు కనుక, చదివిన సంగతినే ఉక్రేనియన్ రేడియో వార్తలలోనూ వినండి. ఆ రేడియో 2000 నుంచి ఏటా జాతీయ ఐక్యత శ్రుతలేఖనం (చదివినది విని రాయడం) నిర్వహిస్తోంది. 2023 నుంచి ఉక్రేనియన్ లిపి, భాషల దినోత్సవాన్ని అక్టోబరు 27న జరుపుకుంటున్నారు కాబట్టి ఆ రోజులలో దాని కోసం చూడండి. తప్పులెన్ని వచ్చినా రాయండి.

సీనియర్లు ఇచ్చే పాత నోట్సులో రష్యన్ పదాలు ఉంటే వాటిని పక్కన పెట్టండి. లిపి ఒకేలా కనిపించినా, ఒకే అక్షరానికి రెండు భాషలలో ఉచ్చారణ వేరు. రష్యన్‌లో ‘గ’ అని పలికే అక్షరం ఇక్కడ ‘హ’. వైమానిక దాడి హెచ్చరికను పొవిత్రానా త్రివోహా అనేది అందుకే. ఆ మాటను, ప్రమాదం తొలగిందని చెప్పే ‘విద్బీయ్’ను ఈ రోజే నేర్చుకోండి.

పై సమాధానానికి మరొక సభ్యురాలి చేర్పు:

అన్నగారు చెప్పినదంతా నిజమే గాని, వార్తల భాషతో వార్డులో నెగ్గుకురాలేము. వార్త ‘ఆసుపత్రిలో చేర్చారు’ అంటుంది. రోగి ‘బొలీత్’ (నొప్పిగా ఉంది) అని నొప్పి ఉన్నచోట చెయ్యి పెడతారు. పల్లెల నుంచి వచ్చే పెద్దవారి మాటలో మాండలికం ఉంటుంది, కొందరు రష్యన్ కలిపి సుర్జిక్ మాట్లాడతారు. అందుకని స్థానిక వార్తల కింద జనం రాసే వ్యాఖ్యలు కూడా చదవండి. ఆరోగ్య మంత్రిత్వ శాఖ ప్రజలకు ఇచ్చే సూచనలలో ‘వైద్యుణ్ణి సంప్రదించండి’ వంటి మర్యాదపూర్వకమైన విధి వాక్యాలు ఉంటాయి. అవి రోగితో ఉన్నదున్నట్టు వాడుకోవచ్చు. మందుల డబ్బాలోని వివరపత్రాలు కూడా ఉక్రేనియన్‌లోనే ఉంటాయి, పారేయకండి.