విమ్ వెండర్స్ 'ఆన్సెల్మ్' డాక్యుమెంటరీ: చూసినవాళ్లు ఏమంటారు?

రంగులపెట్టె:
జర్మన్ చిత్రకారుడు ఆన్సెల్మ్ కీఫర్ మీద జర్మన్ దర్శకుడు వెండర్స్ తీసిన త్రీడీ సినిమా. 2023లో కాన్స్ చిత్రోత్సవంలో మొదట వేశారు. రివ్యూలు చూస్తే కొందరు ఆకాశానికెత్తుతున్నారు, ఇంకొందరు ఒట్టి భజన అంటున్నారు. మా పెయింటింగ్ క్లాసు పిల్లలకు చూపించాలని ఉంది. చూసినవాళ్లు చెప్పండి.

మ్యూనిక్‌వాసి:
నేను ఇక్కడ థియేటర్లో త్రీడీలోనే చూశాను. పొగిడినవాళ్లు ఒక విషయంలో నూటికి నూరుపాళ్లు కరెక్ట్. కీఫర్ బొమ్మలంటే మామూలు పెయింటింగులు కావు. గడ్డి, సీసం, బూడిద, మట్టి అన్నీ కాన్వాసు మీదికి ఎక్కుతాయి. పుస్తకంలో ఫొటో చూస్తే ఆ మందం, ఆ ఎత్తుపల్లాలు తెలియవు. త్రీడీలో గడ్డిపరకలు మన ముందుకు పొడుచుకొచ్చాయి. దక్షిణ ఫ్రాన్సులోని బార్జాక్‌లో దాదాపు 40 హెక్టార్ల స్థలంలో ఆయన కట్టిన కాంక్రీటు గోపురాలు, సొరంగాలు చూస్తుంటే వాటి మధ్య నడుస్తున్నట్టే ఉంది.

నలుపు_తెలుపు:
కళ్లకు విందే, కాదనను. కానీ భజన అన్నవాళ్ల మాట కొట్టిపారేయకండి. 1969లో కీఫర్ స్విట్జర్లాండ్, ఫ్రాన్స్, ఇటలీ తిరిగి నాజీ సెల్యూట్ చేస్తూ ఫొటోలు తీయించుకున్నాడు. జర్మనీ మాట్లాడకుండా దాటేస్తున్న నాజీ చరిత్రను దాని ముఖం ముందు పెట్టాలని ఆయన ఉద్దేశం. 1975లో అవి ఒక పత్రికలో అచ్చయితే పెద్ద గొడవైంది. 1980లో వెనిస్ బియెనాలె అనే అంతర్జాతీయ కళాప్రదర్శనలో ఇంకో జర్మన్ చిత్రకారుడు బాజెలిట్స్‌తో కలిసి పశ్చిమ జర్మనీ తరఫున పెట్టిన పనికీ సొంత దేశం విమర్శకులే విరుచుకుపడ్డారు. పాత ఫుటేజీతో సినిమా దీన్ని చూపిస్తుంది, కానీ గబగబా. ఆ రోజుల్లో కోప్పడ్డ ఒక విమర్శకుడినో, చరిత్రకారుడినో కూర్చోబెట్టి మాట్లాడించి ఉంటే కీఫర్ వాదన ఇంకా బలంగా నిలబడేది. ఎదురు ప్రశ్న లేకపోవడం ఆయనకే నష్టం.

గోదారి_గట్టు:
నలుపు_తెలుపు గారూ, ఇది విచారణ సినిమా కాదు కదండీ. వెండర్స్, కీఫర్ ఇద్దరూ 1945లో పుట్టినవాళ్లే. యుద్ధ శిథిలాల మధ్య పెరిగిన తరం. ఒక స్నేహితుడు ఇంకో స్నేహితుడి పనిని చూస్తున్నాడు. యూదు కవి పౌల్ సెలాన్ సొంత గొంతుతో తన కవిత 'మృత్యు ఫ్యూగ్' వినిపించినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. అతని తల్లిదండ్రులు నాజీల చెరలో పోయారు. ఆ కవితలోని మార్గరెటె, షులమిత్ పేర్లే కీఫర్ చిత్రాలకు ఎలా వచ్చాయో ఆ గొంతు విన్నాకే అర్థమైంది. నాకు నచ్చనిది వేరే: తలలు లేని తెల్లగౌన్ల శిల్పాల దగ్గర వినిపించే ఆ గుసగుసలు. శిల్పం తనంతట తనే మాట్లాడుతుంటే పైన గొంతు ఎందుకు?

మ్యూనిక్‌వాసి:
గుసగుసల విషయంలో మీతో ఏకీభవిస్తాను. చిన్ననాటి కీఫర్‌గా వెండర్స్ మనవడి వరస పిల్లాడు, యువకుడిగా కీఫర్ కొడుకు డానియేల్ నటించిన భాగాలు కూడా కొందరికి ఎక్కలేదు. నాకైతే ఇంకో లోటు కనిపించింది. ఆయన గడ్డిని మంటపెడుతుంటే పక్కన నీళ్లు చల్లే సహాయకులు ఫ్రేములో ఉంటారు, ఒక్కరికీ మాట లేదు. అంత పని ఒక్క మనిషి చేతి మీద నడవదు. 2011లో ఇంకో జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ మీద కొరీనా బెల్ట్స్ తీసిన సినిమా చూడండి. కెమెరా ముందు బొమ్మ వేయడం ఎంత కష్టమో రిక్టరే చెప్తాడు. ఆ ఇబ్బంది తెర మీద కనిపిస్తుంది, అదే ఆ సినిమాకు ప్రాణం.

రంగులపెట్టె:
మా దగ్గర మామూలు ప్రొజెక్టరే ఉంది. త్రీడీ లేకుండా చూస్తే పనికొస్తుందా?

నలుపు_తెలుపు:
నేను ఇంట్లో టీవీలో చూశాను, సగం బలం పోయింది. అయినా బార్జాక్ భాగం, సీసం కరిగించి పోసే భాగం పిల్లలకు తప్పకుండా చూపించండి. సెల్యూట్ ఫొటోల సంగతి మాత్రం ముందే చెప్పాలి. తెలియకుండా చూస్తే ఆయన్ని నాజీ అభిమాని అనుకునే ప్రమాదం ఉంది.

రంగులపెట్టె:
సరేనండి. 1969 ఫొటోల మీద పిల్లల కోసం ఒక పేజీ రాసి ముందు ఇక్కడ పెడతాను, చూసి చెప్పండి. రిక్టర్ సినిమా కూడా అదే వారం వేస్తాను.