ఇంటి దగ్గర నుంచే తెలుగు ప్రూఫులు దిద్దే పని ఎలా దొరుకుతుంది?

తెనాలి పాఠకురాలు:
అందరికీ నమస్కారం. తెలుగులో ఎం.ఏ. చేసి, తొమ్మిదేళ్లు ఒక ప్రైవేటు పాఠశాలలో పాఠాలు చెప్పాను. మా అత్తగారు మంచాన పడడంతో నిరుడు ఉద్యోగం మానవలసి వచ్చింది. రోజుకు మూడు గంటల తీరిక దొరుకుతోంది. పుస్తకం చేతికి వస్తే కథ కంటే ముందు అచ్చుతప్పులే కంటపడే అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది కనుక, ప్రూఫులు దిద్దడమో, రాతప్రతులు చదివి సరిచేయడమో ఇంటి నుంచే చేయాలని ఉంది. అయితే ఇటీవల ఒక ప్రకటన చూసి ఫోన్ చేస్తే, పని పంపడానికి ముందే నమోదు రుసుముగా 2,500 రూపాయలు కట్టమన్నారు. కట్టలేదు కానీ, ఉన్న ధైర్యం కాస్తా తగ్గింది. ఇటువంటి పని నిజంగా ఎవరు ఇస్తారు? ఎంత అడగాలి? యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో, ఇంటర్నెట్‌లో కనిపించే తెలుగులో టైపు చేయగలను, అచ్చుపని వారు వాడే ‘అను’ ఫాంట్లు రావు.

ప్రూఫుల మాస్టారు:
అమ్మా, కట్టకపోవడం మంచిదయింది. పని ఇచ్చేవారు డబ్బు ఇస్తారు తప్ప అడగరు. కొందరైతే రుసుము పుచ్చుకున్నాక, గడువు తప్పారంటూ కోర్టు నోటీసుల పేరుతో బెదిరించి మళ్లీ గుంజుతారు. అలా ఎవరైనా మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి.

నేను విజయవాడలో ఇరవై రెండేళ్లుగా ప్రూఫులు చూస్తున్నాను, ప్రకటన చూసి తెచ్చుకున్న పని ఒక్కటీ లేదు. మీ ఇంట్లో ఈ మధ్య అచ్చయిన పుస్తకాలు ఉంటే తీసి, టైటిల్ పేజీ వెనుక వైపు చూడండి. డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పేజీలు కట్టే పని, ఎవరు చేశారో, ఎక్కడ ముద్రించారో, ప్రతులు ఎక్కడ దొరుకుతాయో చాలావాటిలో ఫోన్ నంబర్లతో సహా ఉంటుంది. ప్రచురణకర్తల కంటే ముందు ఆ డీటీపీ వారిని పలకరించండి. సొంత ఖర్చుతో పుస్తకం వేసుకునే రచయితలు మనకు చాలామంది ఉన్నారు, వారు నేరుగా వెళ్లేదీ, ప్రూఫులు చూసేవారి కోసం వాకబు చేసేదీ అక్కడే.

డిగ్రీ కాగితాల కంటే మీరు దిద్దిన నాలుగు పేజీలు చూపిస్తే ఎక్కువ పని జరుగుతుంది. మొన్న అమెరికాలో ఉండే ఒక రచయిత తన కథలను యూనికోడ్‌లో పంపారు. ఇక్కడ వాటిని అను ఫాంట్లలోకి మార్చి పేజీలు కట్టారు. ఆ మార్పిడిలో ఒక వత్తు జారిపోయి, కథానాయిక లక్ష్మి పుస్తకమంతటా ‘లక్షి’ అయి కూర్చుంది. తన కథే కనుక రచయిత కళ్లు దానిని లక్ష్మి అనే చదువుకున్నాయి, రెండుసార్లు చూసి కూడా పట్టుకోలేకపోయారు. అందుకే మనం కావాలి. మీకు అను రాకపోయినా ఫరవాలేదు, పీడీఎఫ్ మీద గుర్తులు పెట్టి పంపితే వారే సరిచేసుకుంటారు.

ధర కొందరు పేజీకి, కొందరు ఫారానికి, అంటే పదహారు పేజీలకు, మాట్లాడతారు. ఎలా మాట్లాడినా ముందు గంటలు లెక్క వేసుకోండి. నిదానంగా చదివితే నాకు గంటకు పది పేజీలు అవుతాయి. ఆ లెక్కన 160 పేజీల పుస్తకానికి మొదటి ప్రూఫుకే పదహారు గంటలు పడతాయి, దిద్దినవన్నీ ఎక్కాయో లేదో చూసే రెండో ప్రూఫుకు మరో నాలుగైదు గంటలు కావాలి. ఎన్ని ప్రూఫులు చూడాలో ముందే రాయించుకోండి. రెండో ప్రూఫు మీద కొత్తగా ఒక అధ్యాయమే రాసి పంపిన మహానుభావుడికి నేను పైసా అదనంగా లేకుండా మూడోసారీ, నాలుగోసారీ చదివి పెట్టాను.

అనువాదాల పద్మ, హైదరాబాద్:
పుస్తకాలకే పరిమితం కానక్కరలేదు. అనువాద సంస్థలకు యంత్రం చేసిన తెలుగును సరిదిద్దేవారు కావాలి, వారు మాటకు ఇంత అని లెక్క కడతారు. రైలు టికెట్ ‘బుక్’ చేయమన్న చోట యంత్రం ‘పుస్తకం’ అని పెట్టి ఊరుకుంటుంది, రోజంతా అవే దిద్దుతూ కూర్చోవాలి, చెప్పుకోవడానికి గొప్ప పని ఏమీ కాదు. మూడు వందల మాటల లోపు పరీక్ష ఉచితంగా అడగడం మామూలే కానీ, ఇరవై పేజీలు పరీక్ష పేరుతో పంపితే అది పరీక్ష కాదు, పనే. బిల్లు పెట్టిన నెలా నెలన్నరకు గానీ డబ్బు రాదు. వృత్తి రుసుముగా చెల్లించేవారు 10 శాతం పన్ను పట్టుకుంటే, ఆదాయపు పన్ను రిటర్ను వేసి, కట్టవలసిన పన్ను లేనప్పుడు దానిని తిరిగి పొందవచ్చు.

పాతపుస్తకాల పిచ్చి:
చూపించడానికి నమూనా లేకపోతే, పాత పుస్తకాలను అందరూ ఉచితంగా చదువుకునేలా ఉంచే తెలుగు వికీసోర్స్ వెబ్‌సైట్‌లో కొన్ని పేజీలు దిద్దండి. డబ్బు రాదు. స్కాను చేసిన పుట పక్కనే, యంత్రం చదివిన పాఠం ఉంటుంది. మీరు దిద్దిన పుట పసుపు రంగులోకి, మరొకరు సరిచూశాక ఆకుపచ్చలోకి మారుతుంది. ద-ధ, బ-భ, ప-ష తేడాలకు కన్ను బాగా అలవాటు పడుతుంది. అయితే పాత ముద్రణలోని అరసున్నలను, బండి ఱలను ఉన్నవి ఉన్నట్టు వదిలేయాలి. చేయి దురద పెట్టినా ఆపుకోవాలి.

తెనాలి పాఠకురాలు:
అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు గారు చెప్పినట్టు పుస్తకాలన్నీ తిరగేస్తే ఏడు నంబర్లు దొరికాయి. ఐదుగురు ఫోన్ ఎత్తారు, ఒకరు నమూనాగా ఒక ఫారం పంపారు. తెలంగాణ పలుకుబడిలో రాసిన కథ అది. ‘అర్థం’ అనవలసిన చోట ‘అర్ధం’ ఉంటే దిద్దాను. కానీ ‘జెప్పిండు’ అని ఒక చోట, ‘చెప్పిండు’ అని మరో చోట ఉంది. నేను కోస్తా మనిషిని, నాకు ఏది సహజంగా తోస్తే అది పెట్టకూడదు కదా?

ప్రూఫుల మాస్టారు:
పెట్టకూడదమ్మా. ఆ తేడా పాత్రలను బట్టి వస్తున్నదేమో ఒకసారి చూడండి, రచయిత కావాలనే రాసి ఉండవచ్చు. కాదనిపిస్తే రెండు చోట్లా పక్కన ప్రశ్నార్థకం పెట్టి, పేజీ నంబర్లతో విడిగా ఒక కాగితం మీద రాసి పంపండి.