అప్‌డేట్: మ్యూనిక్ వీసా వచ్చేసింది!

మాది నెల్లూరు, చదివేది చెన్నైలో, జర్మనీలోని మ్యూనిక్‌లో సమ్మర్ స్కూల్‌కి షెంగెన్ వీసా (జర్మనీతో సహా చాలా యూరప్ దేశాలకి పనికొచ్చే వీసా) చెన్నైలోనే వేయొచ్చా అని అడిగింది నేనే. వేశాను, వచ్చేసింది! కాలేజీ బోనఫైడ్, నాన్న బ్యాంకు స్టేట్‌మెంట్, 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ పెట్టాను. ఫీజు 90 యూరోలు. వీసా రాకపోయినా తిరిగివ్వరు, అమ్మ టెన్షన్ అంతా దానికే. ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చని చెప్పినవాళ్లకి థాంక్స్. పరీక్షల్లో ఈ పని పడుంటే చచ్చేవాణ్ణి.

అసలు తలనొప్పి వేరే. సెలవుల్లో హాస్టల్ గది ఖాళీ చేయాలట! కూలరూ, బకెట్టూ, పుస్తకాలూ అన్నీ వేళచ్చేరిలో పిన్నివాళ్లింట్లో పడేశాను. పిన్ని ఏమీ అనలేదు గానీ చికెన్ పచ్చడి పట్టుకెళ్లమని ఒకటే గొడవ. మాంసం, పాల పదార్థాలు యూరప్‌లోకి తీసుకెళ్లనివ్వరని చెప్తే గోంగూరకి దిగింది. సరే అన్నాను, చెకిన్ బ్యాగులో పెడతాను.