ఐరన్ గోళీల మీద థీసిస్: ప్రశ్నావళి సరిపోతుందా, కూర్చుని మాట్లాడించాలా?

ప్రశ్న (నల్లగొండ ఎమ్మెస్సీ విద్యార్థిని)

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో ఎమ్మెస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. నా విభాగం కమ్యూనిటీ హెల్త్. గర్భిణులు ఐరన్ గోళీలు వేసుకోవడం మీద థీసిస్ చేస్తున్నాను. మా గైడ్ మేడం చెప్పిన పద్ధతి మీలో చాలామందికి పరిచయమైనదే: 60 మంది గర్భిణులకు 30 ప్రశ్నల ప్రశ్నావళి ఇచ్చి మార్కులు వేయాలి, ఫ్లిప్ చార్టుతో ఒకసారి బోధించాలి, వారం తర్వాత అదే ప్రశ్నావళి మళ్ళీ ఇచ్చి, మార్కులు పెరిగాయని పెయిర్డ్ టీ పరీక్షతో (అదే మనుషుల ముందు, తర్వాతి మార్కులను పోల్చే గణాంక పరీక్ష) చూపించాలి.

పైలట్ (అసలు అధ్యయనానికి ముందు చేసే చిన్న ప్రయత్నం) కోసం ఒక ఆరోగ్య ఉప కేంద్రం పరిధిలో ఆరుగురిని కలిశాను. గోళీలు రోజూ వేసుకుంటున్నారా అని అడిగితే ఆరుగురూ "ఏస్కుంటున్న మేడం" అన్నారు. వారిలో ఒకామె మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళినప్పుడు, గూట్లో పసుపు డబ్బా వెనుక విప్పని స్ట్రిప్పులు నాలుగు కనిపించాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమె ప్రశ్నావళిలో 30కి 24 మార్కులు తెచ్చుకుంది!

నా సందేహాలు ఇవి. నా ప్రశ్నావళి అసలు దేనిని కొలుస్తున్నట్టు? 60 మంది సరిపోతారా? ఇంటర్వ్యూలు కూడా చేస్తానంటే, అది సోషియాలజీ వాళ్ళ పని, వైవాలో ఒప్పుకోరు అని మేడం అంటున్నారు. అది నిజమేనా?

జవాబు 1 (రిటైరైన నర్సింగ్ ట్యూటర్)

అమ్మా, ఆ నాలుగు స్ట్రిప్పులు చూసినందుకు నీవు బాధపడుతున్నావు గానీ, నీ థీసిస్‌కు అంతకన్నా విలువైన సమాచారం ఇప్పటివరకు ఏదీ దొరకలేదు. పైలట్ చేసేది ఇటువంటివి బయటపడటానికే.

నీ ప్రశ్నావళి జ్ఞానాన్ని కొలుస్తోంది. ఆమెకు నిజంగానే తెలుసు, అందుకే 24 వచ్చాయి. తెలియడం వేరు, వేసుకోవడం వేరు. శీర్షికలో "వేసుకోవడం" అని రాసి లోపల తెలిసినదాన్ని కొలిస్తే, ఆ తప్పును ఏ గణాంక పరీక్షా సరిదిద్దలేదు. మన దగ్గర థీసిస్‌లలో విశ్వసనీయత గుణకం ఒకటి లెక్కగట్టి, పరికరం బాగుందని రాసేస్తారు. పత్తి తూచే కాంటా ప్రతి బస్తాకూ రెండు కిలోలు తక్కువ చూపిస్తే, ఎన్నిసార్లు తూచినా అదే తూకం వస్తుంది, అది విశ్వసనీయత. రైతు మాత్రం మునిగిపోతాడు, ఎందుకంటే ప్రామాణికత, అంటే కొలవాల్సినదాన్నే సరిగ్గా కొలవడం, లేదు.

ఇక ఒకే బృందానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పరీక్ష పెట్టే పద్ధతిని పరిశోధన పద్ధతుల మీద రాసిన క్యాంప్‌బెల్, స్టాన్లీ 1963లోనే ప్రయోగానికి ముందు మెట్టుగా లెక్కగట్టి, దాని లోపాలు రాసిపెట్టారు. పోల్చడానికి రెండో బృందం లేదు. అదే ప్రశ్నావళి వారంలోనే రెండోసారి చూసినందువల్ల కొన్ని మార్కులు వాటంతట అవే పెరుగుతాయి. ఆ వారంలో ఆశా కార్యకర్త వచ్చి చెప్పిపోతే ఆ పెరుగుదల కూడా నీ ఫ్లిప్ చార్టు ఖాతాలోనే పడుతుంది. పక్క ఉప కేంద్రం నుంచి అంతే మందిని తీసుకుని, వారికి రెండో పరీక్ష అయ్యాకే బోధిస్తే ఈ లోపం చాలావరకు తగ్గుతుంది, వారికి అన్యాయమూ జరగదు.

60 మంది సంగతి నీవు దేనికి వాడుతున్నావన్న దాని మీద ఉంటుంది. ముందు మార్కులకూ తర్వాతి మార్కులకూ తేడా చూడటానికి 60 తరచుగా సరిపోతుంది. "ఈ మండలంలో ఇంత శాతం మంది వేసుకుంటున్నారు" అని చెప్పాలంటే సరిపోదు. సగం మంది వేసుకుంటారనుకుని, అటూ ఇటూ 5 శాతం తేడాతో చెప్పడానికి 1.96 (95 శాతం నమ్మకానికి వాడే సంఖ్య) వర్గాన్ని 0.5తో, మళ్ళీ 0.5తో గుణించి 0.05 వర్గంతో భాగిస్తే 384 వస్తుంది. 60 మందితో ఆ తేడా సుమారు 13 శాతానికి పెరుగుతుంది. అది కూడా వారిని జాబితా నుంచి యాదృచ్ఛికంగా తీస్తేనే. దవాఖానకు వచ్చినవారిని వచ్చినట్టు తీసుకుంటే ఈ లెక్కే వర్తించదు.

గైడ్‌తో వాదనకు దిగకు. ఆమె చెప్పిన పద్ధతిని ఉంచి, దాని పక్కన నీ ఇంటర్వ్యూలు పెట్టు.

జవాబు 2 (మహబూబ్‌నగర్, సోషియాలజీ పరిశోధకుడు)

ఇంటర్వ్యూ సోషియాలజీ వాళ్ళ సొత్తు అన్న మాట దగ్గర మొదలుపెడతాను. గ్రౌండెడ్ థియరీ (సేకరించిన సమాచారం నుంచే సిద్ధాంతాన్ని కట్టడం) అని మేము గొప్పగా చెప్పుకునే పద్ధతి, ఆసుపత్రులలో చావుకు దగ్గరైన రోగులతో నర్సులు, డాక్టర్లు ఏమి మాట్లాడుతున్నారో, ఏమి దాస్తున్నారో గమనించడం నుంచి పుట్టింది. దానిని 1967లో పుస్తకంగా తెచ్చిన గ్లేజర్, స్ట్రాస్‌లలో స్ట్రాస్ పనిచేసింది శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక నర్సింగ్ స్కూల్లో. వైవాలో అడిగితే ఈ ఒక్క విషయం చెప్పండి.

మీ పైలట్‌లో నాకు కనిపించిన అసలు లోపం వేరు. మీరు తెల్ల కోటుతో, ఏఎన్ఎంతో కలిసి వెళ్ళి ఉంటారు. గోళీలు ఇచ్చిన మనిషి పక్కనే నిలబడి ఉండగా, వేసుకోవడం లేదని ఎవరు చెబుతారు? అత్త వాకిట్లో కూర్చుని ఉంటే కోడలు ఇంకా చెప్పదు. అందుకే ఒక్కసారి వెళ్ళి రాకండి. మొదటిసారి ఊరికే పలకరించి, రెండోసారి ఒంటరిగా, మామూలు బట్టలతో వెళ్ళండి. "వేసుకుంటున్నావా" అని అడిగితే అవును, కాదు తప్ప మూడో జవాబుకు చోటు ఉండదు. "నిన్న పొద్దున లేచినప్పటి నుంచి ఏమేమి తిన్నావు, గోళీ ఎప్పుడు గుర్తొచ్చింది" అని అడిగితే కథ వస్తుంది. అమ్రాబాద్ గుట్టల మీది చెంచుల గురించి మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1943లో వెలువరించిన పుస్తకం వారి పెంటలలో (చెంచు గూడేలలో) ఉండి చూసి రాసినది. మనకు అంత తీరిక లేకపోయినా రెండో రాకకైనా తీరిక చేసుకోవచ్చు.

జాబితా విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఉప కేంద్రం రిజిస్టరులో పేరున్న గర్భిణి కాన్పుకు పుట్టింటికి వెళ్ళిపోతుంది, వేరే ఊరిలో నమోదైన ఆడబిడ్డ ఇక్కడికి వస్తుంది. పాలమూరు వైపు మరీ, భర్త వెంట ముంబై, పుణె భవన నిర్మాణ పనులకు వెళ్ళినవారు జాబితాలో ఉంటారు, ఊళ్ళో ఉండరు. మీరు ఇల్లిల్లూ తిరిగినా దొరికేది ఊళ్ళో మిగిలినవారే. దొరకనివారు ఎంతమంది, ఎక్కడికి వెళ్ళారన్నది కూడా థీసిస్‌లో రాయండి. అది మీ ఫలితాలలో భాగమే.

ఇంటర్వ్యూలకు ముందుగా సంఖ్య పెట్టుకోకండి. కొత్త కారణాలు రావడం ఆగిపోయినప్పుడు ఆపండి.

జవాబు 3 (ఏఎన్ఎం, దేవరకొండ వైపు)

పై ఇద్దరూ చెప్పింది బాగుంది గానీ, వాళ్ళను అబద్ధాలకోరుల్లా చూపించవద్దని నా మనవి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు మింగాలంటే, వాంతులయ్యే మనిషికి ఎంత కష్టమో మింగినవారికే తెలుస్తుంది. మలబద్ధకం, నల్లటి విరేచనం చూసి భయపడి ఆపేసినవారున్నారు. బిడ్డ బరువు పెరిగి కాన్పు కష్టమవుతుందని అత్తలు ఆపించినవారూ ఉన్నారు. ఒక్కోసారి మా దగ్గరే స్టాకు ఉండదు, ఆ తప్పు వారి మీద వేయకూడదు.

స్ట్రిప్పులు లెక్కపెట్టడాన్ని కూడా పూర్తిగా నమ్మకండి. నేను వస్తున్నానని తెలిసి పెంటకుప్పలో పారేసినవారిని చూశాను. సమ్మతి పత్రం మీద సంతకం రానివారి వేలిముద్ర తీసుకునేటప్పుడు మాకు సంబంధం లేని సాక్షి ఒకరు ఉండాలి. ఆ సాక్షిగా నన్నే నిలబెట్టవద్దు!

మళ్ళీ ప్రశ్న వేసినవారు

అందరికీ ధన్యవాదాలు. మేడంతో మాట్లాడాను. 60 మందితో ప్రశ్నావళి అలాగే ఉంటుంది, పక్క ఉప కేంద్రం పోలిక బృందంగా చేరింది. శీర్షికలో "వేసుకోవడం" తీసి "అవగాహన" అని మార్చాము. ఇంటర్వ్యూలను రెండో భాగంగా ఒప్పుకున్నారు గానీ, ఎథిక్స్ కమిటీకి మళ్ళీ పెట్టమన్నారు. ఒక్క సందేహం మిగిలింది: ఆ గూట్లో చూసిన స్ట్రిప్పుల సంగతి ఆమె అనుమతి లేకుండా రాయవచ్చా?

రిటైరైన నర్సింగ్ ట్యూటర్

రాయకూడదమ్మా. ఆమె నీకు ప్రశ్నలకు జవాబిస్తానని ఒప్పుకుంది, ఇంట్లో గూడు చూపిస్తానని ఒప్పుకోలేదు. రెండోసారి వెళ్ళినప్పుడు నీవే చెప్పు, ఆ రోజు చూశానని. కోప్పడితే ఊరుకో. నవ్వి చెబితే అనుమతి అడిగి, రాసుకో.