సమస్య: "గ్రుడ్డికంటఁ గనెను గొప్ప జయము"

భద్రకాళి కట్ట (నిర్వహణ): ఈ వారం యుద్ధంల ఇచ్చిన ఆజ్ఞల మీద రాయాలె. కట్ట మీద నడుస్తుంటే ఈ నాలుగో పాదం దానంతటదే పడ్డది, నాకే నవ్వొచ్చింది. ధృతరాష్ట్రుడిని మాత్రం తేవద్దు. ఆయన కన్నది నూర్గురిని, జయాన్ని గాదు. శనివారం రాత్రి దాక గడువు.

కాజీపేట జంక్షన్: బోణీ నాదే. కోపెన్‌హాగన్, 1801 ఏప్రిల్ 2 నాటి నౌకాయుద్ధం. బ్రిటిష్ నౌకాసేనాని నెల్సన్ ముచ్చట.

ఆగుమనెడు జెండ యంతెత్తు నెగురంగ
దూరదర్శిని నెత్తి ధూర్త నెల్స
ననియె "సైగ యేది? నాకేమి కనరాదు"
గ్రుడ్డికంటఁ గనెను గొప్ప జయము

పరకాల పిడుగు: అన్నా, ఫస్ట్ బాల్‌కే సిక్సర్!

కొత్తవాడ జంపఖాన: సిక్సర్ సరే, రెండో పాదంల జంక్షన్ అన్న రైలు పట్టాలు దిగింది. "దూరదర్శిని నెత్తి" అంటే ఒక లఘువు ఎక్కువ. "దూరదర్శి నెత్తి" అంటే కుదురుతది. అది చిన్న ముచ్చట. అసలు చిక్కు అన్వయంల ఉన్నది. పై అధికారి పార్కర్ 39వ నంబరు జెండాలు ఎగరేసి పోరు ఆపుమన్నడు. నెల్సన్ గుడ్డికంటికి దుర్భిణి పెట్టింది దాన్ని చూడనీకి గాదు, చూడకుండ ఉండనీకి. సమస్య "కనెను" అంటున్నది, అన్న "కనడాయె" పూరించిండు.

కాజీపేట జంక్షన్: లఘువు లెక్క మీకే వదిలేస్తున్న, మీకు అదొక్కటే కనపడుతది. జెండా చూడకపోవుడే జయం చూసుడు! 1794ల కాల్వి ముట్టడిల చూపు పోయిన కన్ను, ఏడేండ్లకు అక్కరకొచ్చింది. అదే జెండా చూసి ఓడను మళ్లించిన కెప్టెన్ రియూ గుండు తగిలి అక్కడనే పోయిండు. మంచి కండ్లాయన ఆజ్ఞ చూసి సచ్చిండు, గుడ్డికన్నాయన చూడక గెలిచిండు. ఇంతకన్న ఏం పూరణ కావాలె?

మడికొండ మిరియం: ఈ మాట పద్యంలో ఉంటే బాగుండేది జంక్షన్ గారూ, వ్యాఖ్యానంలో ఉంది. ఇంకొకటి. ఆ దుర్భిణి ముచ్చట నెల్సన్ ఓడలోనే ఉన్న కర్నల్ స్టీవర్ట్ రాసిపెట్టింది. పార్కర్ జెండా "నీకు వీలైతే ఆగు" అన్న అర్థంలోనే ఎగిరిందని కొందరు చరిత్రకారుల వాదన. అట్లయితే మీ "ధూర్త" ఎగిరిపోతుంది.

కొత్తవాడ జంపఖాన: నిజంగ గుడ్డోడు గెలిచింది చూడుండ్రి. బొహీమియా సేనాని జిష్కా. ఒక కన్ను ముందే లేదు, రెండోది 1421ల రాబీ కోట దగ్గర పోయింది. ఆ ఏడాది దాటంగనే, 1422 జనవరిల సిగిస్మండ్ రాజు సైన్యాన్ని తరిమిండు.

ఉన్న కన్ను వోయె నొక కోట ముట్టడిన్
బండి కెక్కి చెవుల బాటఁ బట్టి
గొలుసు బండ్లకోటఁ గూర్చుఁ డంచును జిష్క
గ్రుడ్డికంటఁ గనెను గొప్ప జయము

మడికొండ మిరియం: "కన్ను వోయె" చాలా నిండుగా ఉంది. 1423లో ఆయన సైన్యానికి పెట్టిన నియమాల్లో, మాట మీరితే ప్రభువైనా బంటైనా శిక్ష తప్పదని ఉంది. అది కూడా పద్యానికి పనికొచ్చే సరుకే.

కాజీపేట జంక్షన్: పద్యం నడక మంచిగున్నది, కాదనను. గని చెవుల బాట పట్టినోడు గ్రుడ్డికంట ఏం కన్నట్టు? నాది "కనడాయె" అయితే మీది "వినెను" గదా!

పరకాల పిడుగు: 😂😂

కొత్తవాడ జంపఖాన: ఈ మాట అనేది ఎవరు? "కాగితమ్ము చంపెఁ గత్తికన్న" సమస్యల బాలక్లావాల బ్రిటిష్ గుర్రపుదళం తప్పు తోపుల మీదికి ఉరికిన పాపమంత కెప్టెన్ నోలన్ నెత్తిన పెట్టినాయన! 1854 అక్టోబరు 25న ఆజ్ఞ సేనాధిపతి రాగ్లాన్‌ది, రాసింది ఎయిరీ, నోలన్ గుర్రమెక్కి మోసుకపోయిండు, అంతే. కొండ మీది రాగ్లాన్‌కు తోపులు కనపడుతున్నయి, లోయల ఉన్న గుర్రపుదళం అధిపతి లూకన్‌కు కనపడుతలేవు. "శత్రువు తోపులు ఎత్తుకపోకుండ ఆపుండ్రి" అని రాస్తే, ఏ తోపులో ఆయనకెట్ల ఎరుక?

కాజీపేట జంక్షన్: ఏ తోపులని లూకన్ అడిగితే నోలన్ చెయ్యి ఎటు చాపిండో గూడ చెప్పరాదు? ఆ చెయ్యి సక్కగ చాపితే 600 పైచిలుకు గుర్రపు రౌతులు ఆ తోపులకెదురుగ పోకపోదురు. ఆ పద్యం మీద మీ కోపం గణదోషం గురించి గాదు, ఆ వారం మీ పద్యానికి దండ పడలేదని.

భద్రకాళి కట్ట (నిర్వహణ): అయ్యలూ, ఆ సమస్య ముగిసి చాన్నాళ్లయింది. ఇగ ఇక్కడికి రాండ్రి.

మడికొండ మిరియం: నేను ఊరు దాటి పోను. 1309లో సేనాని మాలిక్ కాఫుర్‌ను ఓరుగల్లు మీదికి పంపుతూ ఢిల్లీ సుల్తాను అల్లావుద్దీన్ ఖిల్జీ చెప్పిన మాటలు చరిత్రకారుడు బరనీ రాసిపెట్టాడు. రాయుడు ధనం, ఏనుగులు ఇచ్చి కప్పానికి ఒప్పుకుంటే చాలు, మరీ బిగించొద్దు అని.

"రాజు సొమ్ము నిచ్చి రాజీకి వచ్చెనేన్
మరలి రమ్ము చాలు" మాలికనుచు
ఓరుగల్లుఁ జూడకున్న సుల్తానుఁడు
గ్రుడ్డికంటఁ గనెను గొప్ప జయము

కాజీపేట జంక్షన్: అమ్మా, "అనుచు" తర్వాత "నోరుగల్లు" రావాలె గదా? నకారం యాడ పోయింది?

మడికొండ మిరియం: మా ఊరిని నోరుగల్లు చేయడానికి మనసొప్పలేదు.

కొత్తవాడ జంపఖాన: అది ఒప్పుకుంటం. గని చూడనోడు గుడ్డోడెట్ల అయితడు మేడం? ఢిల్లీల కూసున్నోడికి రెండు కండ్లూ ఉన్నయి.

మడికొండ మిరియం: ముట్టడి నడుమ దారిలోని టపా చౌకీలు తెగి ఢిల్లీకి కబురు ఆగిపోయింది. సుల్తాను ఏం జరుగుతుందో తెలియక అల్లాడాడు. కబురు అందని కన్ను గుడ్డిదే కదండీ. ముందే ఇచ్చిన ఆజ్ఞ మాత్రం అక్కడ తన పని చేసుకుపోయింది. 1310లో ప్రతాపరుద్రుడు సరిగ్గా ఆ షరతులకే దిగాడు.

భద్రకాళి కట్ట (నిర్వహణ): ఓరుగల్లు గడ్డ మీద కూసోని ఖిల్జీ గెలుపుకు "గొప్ప జయము" అనిపించిన పాదం నాదే, ఎవరిని తిట్టాలె. ఇప్పటికైతే దండ మిరియం గారికే. జంపఖాన గారి ధార రెండోది. జంక్షన్ గారూ, రియూ మీద ఇంకో పద్యం రాయుండ్రి, శనివారం ఇంక రాలే.

పరకాల పిడుగు: ఇంతకీ "ధూర్త" తీసి "దొడ్డ నెల్స" అంటే యతి పోతదా?

కొత్తవాడ జంపఖాన: పోదు. గని పిడుగూ, నీ పద్యమేది?